గడువు దాటిన బేరం చేతులు మారితే దక్కేదేమిటి?

సరుకు ధర నిలకడగా వున్నంత కాలం బేరం కాగితాలను ఎవరూ తిరగేసి చూడరు. ధర ఒక్కసారిగా ఎగబాకినప్పుడో, దిగజారినప్పుడో వాటి మడతలు విప్పుతారు. ధర పెరిగితే అమ్మినవాడు సరుకు ఇవ్వడానికి వెనుకాడతాడు. తగ్గితే కొన్నవాడు మొహం చాటేస్తాడు. ఇది మిర్చి బజారులోనైనా, పసుపు బజారులోనైనా, ప్రత్తి, గోనె సంచుల వ్యాపారంలోనైనా వర్తకులందరికీ అనుభవమే.

ఇటువంటి రోజుల్లో బజారులో మరొక తంతు కూడా నడుస్తుంది. సరుకు అందని వర్తకుడు కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక లేక, తన చేతిలోని ఒప్పందం కాగితాన్ని ఎంతో కొంతకు మరొకరికి ఇచ్చేస్తాడు. పుచ్చుకున్నవాడు తాను వసూలు చేసుకోగలనన్న ధీమాతో రొక్కం చెల్లిస్తాడు. తీరా దావా వేసిన తరువాత, అమ్మినవాడు మాట తప్పిన సంగతి నిజమే అయినా, ధరల తేడా రుజువైనా, దావా కొట్టివేతకు గురవుతుంది. దావా వేసిన మనిషికి ఆ హక్కు చట్టరీత్యా సంక్రమించలేదన్నదే కారణం.

ఇందులో కీలకం ఒక్క తేదీలో వుంది. ఒప్పందం భంగమైన రోజుకు ముందు కాగితం చేతులు మారిందా, తరువాత మారిందా అన్నదాన్ని బట్టి హక్కు నిలుస్తుంది లేదా వీగిపోతుంది. రాబట్టుకోగల నష్టపరిహారం మొత్తాన్ని నిర్ణయించేది కూడా సాధారణంగా ఆ తేదీనాటి ధరే. అందుచేత వర్తకుడు ధరల పట్టికను ఎంత శ్రద్ధగా చూస్తాడో, తన కాగితం మీద తేదీని కూడా అంత శ్రద్ధగా చూసుకోవలసి వుంటుంది.

ఒక ఉదాహరణ

గుంటూరులో ఒక ఎగుమతి వర్తకుడు శీతల గిడ్డంగిలో సరుకు వున్న మరొక వర్తకుని నుంచి 200 క్వింటాళ్ళ మిర్చి క్వింటాలు రూ. 14,000 చొప్పున బేరం చేసుకున్నాడని అనుకుందాం. పదో రోజున గుంటూరులోనే సరుకు అప్పగించాలి. అప్పటికప్పుడు రొక్కం చెల్లించాలి. నాలుగైదు రోజులలో ధర రూ. 14,800కు పెరిగింది. మొదటి వర్తకునికి మరొక చోట డబ్బు అవసరం పడి, క్వింటాలుకు రూ. 500 లాభం పుచ్చుకుని, అంటే లక్ష రూపాయలకు, తన బేరాన్ని రెండవ వర్తకునికి రాసి ఇచ్చాడు. గడువునాటికి ధర రూ. 16,500 అయింది. అమ్మినవాడు సరుకు ఇవ్వలేదు.

ఇక్కడ రెండవ వర్తకుడు దావా వేయవచ్చు. క్వింటాలుకు రూ. 2,500 చొప్పున 5 లక్షల రూపాయల నష్టపరిహారం అడగవచ్చు.

ఇదే కథలో ఒక్క వివరాన్ని మార్చి చూడాలి. గడువు దాటింది, సరుకు రాలేదు. వారం తరువాత మొదటి వర్తకుడు, అయిదు లక్షలు రావలసిన కాగితం గనుక రెండు లక్షలు ఇచ్చి తీసుకొమ్మని రెండవ వర్తకునికి ఇచ్చాడు. సరుకు అదే, ధర అదే, మాట తప్పిన మనిషీ అతడే. అయినా రెండవ వర్తకుని దావా నిలవదు. పైగా అతడు ఇచ్చిన రెండు లక్షలకు మొదటి వర్తకుని వెంట పడవలసి వస్తుంది.

గడువుకు ముందు హక్కు ఆస్తి

సరుకు కొనడానికి చేసుకున్న ఒప్పందం ఒట్టి మాట కాదు. రొక్కం చెల్లించి ఫలానా సరుకును ఫలానా రోజున తీసుకునే హక్కు కొన్నవానికి వుంటుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 3వ సెక్షన్ ఇటువంటి హక్కును దావా చేయదగిన హక్కుగా గుర్తించింది. తన స్వాధీనంలో లేని చరాస్తిలో వున్న ప్రయోజనం ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఇది ఇంటి వంటి, పొలం వంటి ఆస్తే గనుక ఇతరులకు బదిలీ చేయవచ్చు.

ఈ సూత్రం వర్తకుల వ్యవహారాల్లోనే రూపుదిద్దుకున్నది. 1906లో కలకత్తా హైకోర్టు ముందుకు వచ్చిన జాఫర్ మెహర్ అలీ, బడ్జ్ బడ్జ్ జూట్ మిల్స్ కేసు గోనె సంచుల బేరానికి సంబంధించినది. మిల్లుతో బేరం కుదుర్చుకున్న కొనుగోలుదారు తన హక్కును మరొకరికి బదిలీ చేశాడు. ఆ కొత్త మనిషి సరుకు కోరగా మిల్లు నిరాకరించింది. రొక్కం చెల్లించి సరుకు తీసుకునే హక్కు కొనుగోలుదారుని స్వంత లక్షణాలపై ఆధారపడినది కాదు గనుక దానిని బదిలీ చేయవచ్చునని కోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడు అప్పీలులో కూడా ఆ తీర్పే నిలిచింది. బియ్యం, చక్కెర మిల్లులకు గోనె సంచులు లేనిదే పని జరగదు. నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరు జనపనార మిల్లుల ఊళ్ళుగా పేరుపడినవి. కనుక ఆంధ్ర వర్తకులకు కూడా ఆ కలకత్తా తీర్పు దూరపు సంగతి కాదు.

అయితే ప్రతి బేరమూ ఇలా బదిలీ కాదు. ఎదుటి మనిషిని చూసి, అతని పరపతిని నమ్మి చేసుకున్న బేరాన్ని అతడు వేరొకరికి అంటగట్టరాదు. నెల రోజుల అరువు మీద సరుకు ఇస్తానన్న వర్తకుడు ఆ అరువు ఎవరికి ఇస్తున్నాడో చూసుకునే ఇచ్చి వుంటాడు. అక్కడ కొత్త మనిషి వచ్చి అదే అరువు కోరితే కుదరదు.

ఈ తేడాను ఇంగ్లండులోని రెండు పాత కేసులు బాగా తేటతెల్లం చేస్తాయి. టోల్‌హర్స్ట్ కేసులో ఒక సుద్దగనుల యజమాని ఒక సిమెంటు కంపెనీకి 50 ఏళ్ళపాటు సుద్దరాయి సరఫరా చేయడానికి ఒప్పుకున్నాడు. ఆ కంపెనీ తన వ్యాపారాన్ని మరొక పెద్ద కంపెనీకి బదలాయించింది. సుద్దరాయి ఏ కంపెనీ వాడినా ఒకటేనని, ఒప్పందం ఆ ఫ్యాక్టరీ స్థలంతో ముడిపడి వున్నదని భావించి 1903లో ప్రభువుల సభ బదిలీని ఆమోదించింది. 1906 నాటి కెంప్, బేర్‌సెల్‌మన్ కేసు కోడిగ్రుడ్ల బేరం. ఒక రొట్టెల వ్యాపారికి ఏడాది పాటు కావలసినన్ని గ్రుడ్లు ఇవ్వడానికి వర్తకుడు ఒప్పుకున్నాడు. వ్యాపారి వేరే చోట కొనకూడదన్నది షరతు. ఆ వ్యాపారి తన దుకాణాన్ని ఒక పెద్ద సంస్థకు ఇచ్చివేశాడు. చిన్న రొట్టెల వ్యాపారి అవసరం వేరు, పెద్ద సంస్థ అవసరం వేరు. అంచనా అంతా ఆ మనిషి వ్యాపారం మీదే ఆధారపడినది గనుక బదిలీ చెల్లదని అప్పీలు కోర్టు తేల్చింది.

బేరంలోని పరిమాణం కచ్చితంగా రాసి వుండి, చెల్లింపు చేతికి చేయిగా వుంటే బదిలీకి అవకాశం ఎక్కువ. "కావలసినంత", "అవసరాన్ని బట్టి", "అరువు మీద" అన్న మాటలుంటే అవకాశం తక్కువ. బదిలీ చేయరాదని కాగితంలోనే వుంటే ఇక చర్చే లేదు.

హక్కు వేరు, బాధ్యత వేరు

వర్తకులు తరచుగా పొరబడే మరొక విషయం వున్నది. బేరం రాసి ఇచ్చేశాను గనుక ఇక తనకు సంబంధం లేదని మొదటి వర్తకుడు భావిస్తాడు. అది నిజం కాదు. సరుకు తీసుకునే హక్కును బదిలీ చేయవచ్చు గాని, ధర చెల్లించే బాధ్యతను ఎదుటివాని సమ్మతి లేకుండా వదిలించుకోవడానికి వీలు లేదు. ధర పడిపోయి రెండవ వర్తకుడు సరుకు తీసుకోవడానికి రాకపోతే, అమ్మినవాడు మొదటి వర్తకుని తలుపే తడతాడు. ముగ్గురూ సమ్మతించి పాత బేరం స్థానంలో కొత్త బేరం రాసుకుంటేనే మొదటివాడు పూర్తిగా బయటపడతాడు. కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ చెప్పేది ఇటువంటి మార్పు గురించే.

ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1962లో ఖర్దా కంపెనీ కేసులో స్పష్టం చేసింది. 1955 సెప్టెంబరులో ఒక జనపనార వర్తక సంస్థ కలకత్తాలోని ఖర్దా మిల్లుకు పాకిస్తాన్ జనపనార అమ్మడానికి బేరం చేసుకుంది. సరుకు అందలేదు. మిల్లు నష్టపరిహారం కోసం బెంగాల్ చాంబర్ ఆఫ్ కామర్స్ మధ్యవర్తులను ఆశ్రయించింది. అప్పుడు అమ్మిన సంస్థ ఒక చిత్రమైన వాదన తీసింది. 1952 నాటి వాయిదా బేరాల నియంత్రణ చట్టం కింద 1953లో వెలువడిన ప్రకటన, చేతులు మారడానికి వీలున్న జనపనార వాయిదా బేరాలను నిషేధించింది. ఈ బేరం చేతులు మారడానికి వీలున్నదే గనుక మొదటి నుంచీ చెల్లదు. చెల్లని బేరానికి నష్టపరిహారం ఎక్కడిదన్నది ఆ వాదన.

బదిలీ చేయరాదన్న మాట కాగితంలో లేనంత మాత్రాన అది బదిలీ చేయదగిన బేరం అయిపోదని సుప్రీంకోర్టు చెప్పింది. దిగుమతి లైసెన్సు మిల్లు పేరిట వుంది. ఆ జనపనారను మిల్లు తన ఫ్యాక్టరీలోనే వాడుకోవాలన్నది లైసెన్సు షరతు. అటువంటప్పుడు ఆ బేరం మరొకరి చేతికి పోయే ప్రసక్తే లేదు. కనుక బేరం చెల్లుతుందని, మిల్లు వాదన సరైనదని తీర్పు వచ్చింది. ఆ సందర్భంలోనే కోర్టు, ఒప్పందంలోని హక్కులు సాధారణంగా బదిలీ చేయదగినవని, బాధ్యతలు మాత్రం ఎదుటివాని సమ్మతితోనే మారుతాయని వివరించింది.

వాయిదా బేరాల చట్టం 2015లో రద్దయింది. కాని బదిలీకి వీలున్న బేరానికి, వీలులేని బేరానికి మధ్య తేడా మాత్రం పోలేదు. అదే ఏడు ఆ నిర్వచనాలను 1956 నాటి సెక్యూరిటీల కాంట్రాక్టుల నియంత్రణ చట్టంలోకి తీసుకువచ్చారు. పర్యవేక్షణ సెబీకి వచ్చింది. పదకొండు రోజులకు మించకుండా సరుకు, డబ్బు చేతులు మారే బేరాన్ని ఆ చట్టం తక్షణ బేరంగా లెక్కిస్తుంది. అంతకన్నా దీర్ఘమైన గడువుతో బేరం చేసుకుని దాన్ని చేతులు మార్చదలచినవారు ముందుగా ఈ నిబంధనలు చూసుకోవడం అవసరం.

గడువు తరువాత మిగిలేది

సరుకు ఇవ్వవలసిన రోజు గడిచి, సరుకు రాకపోతే కొన్నవాని చేతిలోని హక్కు స్వభావమే మారిపోతుంది. అప్పటి దాకా సరుకును కోరే హక్కు వుండేది. ఇప్పుడు మిగిలింది నష్టపరిహారానికి కోర్టుకెక్కే హక్కు మాత్రమే. ఆస్తి బదలాయింపు చట్టం 6వ సెక్షన్ లోని (ఇ) ఖండం ప్రకారం ఒట్టి దావా హక్కును బదిలీ చేయడానికి వీలు లేదు. 1909లో అబూ మహమ్మద్ కేసులో కలకత్తా హైకోర్టు, ఒప్పందం భంగమైన తరువాత వచ్చే నష్టపరిహారపు హక్కు ఈ ఖండం కిందికే వస్తుందని నిర్ణయించింది.

పదివేలు అప్పు ఇచ్చినవాడు ఆ అప్పు పత్రాన్ని బదిలీ చేయవచ్చు గదా, అయిదు లక్షల నష్టపరిహారాన్ని ఎందుకు చేయకూడదన్న సందేహం కలగడం సహజం. దీనికి సమాధానం 1974లో రామన్ ఐరన్ ఫౌండ్రీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన వివరణలో దొరుకుతుంది. ఒప్పందం భంగమైనంత మాత్రాన ఎదుటివాడు బాకీదారు కాడు. నష్టం జరిగిందా, ఎంత జరిగింది అన్నది కోర్టు తేల్చిన తరువాతే అది బాకీ అవుతుంది. అప్పటి వరకు వున్నది దావా వేసే అవకాశం మాత్రమే. అయిదు లక్షలు "రావలసి వున్నది" అని వర్తకుడు తన ఖాతా పుస్తకంలో రాసుకున్నా, చట్టం దృష్టిలో అక్కడ ఇంకా ఏ బాకీ లేదు.

ఈ నిషేధం వెనుక వున్న భయం దావాల వ్యాపారం. 1975లో నైజీరియాకు 2,40,000 టన్నుల సిమెంటు సరఫరా చేసే బేరంలో చెల్లింపు ఆగిపోయింది. అమ్మిన ట్రెండ్‌టెక్స్ కంపెనీ నైజీరియా కేంద్ర బ్యాంకుపై తనకున్న దావాను, తనకు అప్పు ఇచ్చిన స్విస్ బ్యాంకుకు 8 లక్షల డాలర్లకు రాసి ఇచ్చింది. ఆ బ్యాంకు దాన్ని పేరు వెల్లడి కాని మూడవ వ్యక్తికి 11 లక్షల డాలర్లకు అమ్మింది. కొద్ది కాలానికే ఆ దావా 80 లక్షల డాలర్లకు పరిష్కారమైంది. సిమెంటుతో ఏ సంబంధమూ లేని మనిషి తగాదాను కొని లాభం చేసుకున్నాడు. 1981లో ఇంగ్లండు ప్రభువుల సభ ఈ కేసులో, అప్పు ఇచ్చిన బ్యాంకు వంటి న్యాయమైన ప్రయోజనం వున్నవారు దావాను తీసుకోవచ్చునని, లాభానికి మూడవవానికి తిరిగి అమ్మే ఏర్పాటును మాత్రం ఆమోదించబోమని చెప్పింది. అక్కడి న్యాయస్థానాలు కొంత వెసులుబాటు ఇచ్చాయి. భారత చట్టంలో నిషేధం సెక్షన్ రూపంలోనే వుండడం వల్ల ఒట్టి దావా హక్కును కొన్నవానికి ఆ వెసులుబాటు మీద ఆధారపడే వీలు లేదు.

మరొక మెలిక కూడా వున్నది. ఒప్పందం భంగం కావడానికి గడువు రోజు దాకా ఆగనక్కర లేదు. అమ్మినవాడు ముందే సరుకు ఇవ్వనని తెగేసి చెప్పి, కొన్నవాడు సరే నష్టపరిహారం కట్టమని బేరాన్ని అంతటితో ముగిస్తే, ఆ రోజే ఒప్పందం భంగమైనట్లు. ఆ తరువాత గడువు ఇంకా అయిదు రోజులున్నా కాగితం బదిలీకి పనికిరాదు. కనుక కాగితం పుచ్చుకునేవాడు అందులోని తేదీ ఒక్కటే చూస్తే చాలదు. ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు కూడా చూడాలి.

మూసుకోని దారులు

గడువు దాటిన బేరంలో డబ్బు చిక్కుకున్న వర్తకునికి వేరే దారులు లేకపోలేదు.

మొదటిది, ఎదుటివానితో లెక్క తేల్చుకోవడం. ఇరువురూ కూర్చుని తేడా ఇంత అని అంగీకరించి, సంతకాలతో రాసుకుంటే అది నష్టపరిహారం స్థాయి దాటి నిర్ణీతమైన బాకీ అవుతుంది. బాకీని బదిలీ చేయడానికి చట్టం అడ్డు చెప్పదు. నాలుగు లక్షలకు రాజీపడి రాయించుకున్న కాగితం, అయిదు లక్షలు వస్తాయన్న ఆశ కన్నా బజారులో విలువైనది.

రెండవది, దావా వేసి డిక్రీ పొందడం. డిక్రీని బదిలీ చేయవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 16వ రూలు డిక్రీని రాతపూర్వకంగా పొందినవానికి అమలు కోరే అవకాశం ఇచ్చింది. అంటే, భంగానికి ముందు బదిలీ చేయవచ్చు, డిక్రీ తరువాతా చేయవచ్చు. నడుమ కాలంలోనే హక్కు బిగిసిపోయి వుంటుంది.

మూడవది, దావా తన పేరిటే వుంచి, నడిపించే పనిని ఇతరులకు అప్పగించడం. ఓపిక లేని వర్తకుడు మరొకరికి అధికార పత్రం ఇవ్వవచ్చు. దావా ఖర్చులకు పెట్టుబడి పెట్టి వచ్చినదానిలో వాటా తీసుకునే ఏర్పాటు మన దేశంలో దానంతటదే చట్టవిరుద్ధం కాదని 1876లోనే ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. అయితే అది దోపిడీగా, అన్యాయంగా వున్నదనిపిస్తే కోర్టులు ఆమోదించవు.

నిషేధమంతా ఇష్టపూర్వకంగా చేసే బదిలీకే. వర్తకుడు మరణిస్తే నష్టపరిహారపు హక్కు వారసులకు వస్తుంది. దారిలో పోయిన సరుకుకు బీమా కంపెనీ పరిహారం చెల్లించినప్పుడు, వర్తకుని స్థానంలో నిలబడి రవాణా సంస్థ నుంచి రాబట్టుకునే హక్కు ఆ కంపెనీకి వుంటుంది. 2010లో చరణ్ స్పిన్నింగ్ మిల్స్ నూలు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయాన్ని వివరంగా చర్చించింది.

నష్టం లెక్క ఎలా?

దావా వేసే అర్హత వున్నంత మాత్రాన డబ్బు రాదు. నష్టం ఎంతో రుజువు చేసుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం, భంగం వల్ల సహజంగా కలిగే నష్టానికి, లేదా బేరం కుదిరేటప్పుడే ఇరువురికీ తెలిసిన నష్టానికి మాత్రమే పరిహారం లభిస్తుంది. బజారులో దొరికే సరుకు విషయంలో ఈ నష్టం అంటే ఒప్పుకున్న ధరకు, సరుకు అందవలసిన రోజున, అందవలసిన చోట వున్న ధరకు మధ్య తేడా.

పై ఉదాహరణలో గడువు తరువాత నెల రోజులకు మిర్చి రూ. 18,000 అయిందని అనుకుందాం. కొన్నవాడు నెల రోజులు ఆగి, క్వింటాలుకు రూ. 4,000 చొప్పున 8 లక్షలు కావాలంటే కోర్టు ఇవ్వదు. గడువునాడే బజారులో రూ. 16,500కు కొనుక్కుని వుండవలసింది. అలా కొనకుండా ఎదురుచూసినందువల్ల పెరిగిన భారం అతనిదే. నష్టాన్ని తగ్గించుకోవడానికి అందుబాటులో వున్న మార్గాలను పరిగణించాలని 73వ సెక్షన్ వివరణే చెబుతున్నది.

చోటు కూడా తేదీ అంత ముఖ్యమైనది. 1961లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మురళీధర్ చిరంజీలాల్ కేసు ఇందుకు గుణపాఠం. గజం ఒక రూపాయి చొప్పున కాన్వాసు గుడ్డ బేరం. కాన్పూరులో సరుకు రైలుకెక్కించి, 1947 ఆగస్టు 5 లోగా రైల్వే రసీదు ఇవ్వాలి. కలకత్తాకు బుకింగులు నిలిచిపోయాయని అమ్మినవారు సరుకు పంపలేదు. కొన్నవారు కలకత్తా ధరను చూపి తేడా అడిగారు. సరుకు అప్పగించవలసింది కాన్పూరులో గనుక కాన్పూరు ధరే కావాలని కోర్టు చెప్పింది. ఆ రోజున కాన్పూరులో ధర ఎంతో కొన్నవారు రుజువు చేయలేదు. ఒప్పందం భంగమైనదన్నది తేలినా నష్టపరిహారం దక్కలేదు. గుంటూరులో అప్పగించవలసిన మిర్చికి చెన్నై ధరో, ఢిల్లీ ధరో చూపేవారు ఈ కేసును గుర్తుంచుకోవడం మంచిది.

గడువు పొడిగింపు ఈ తేదీని మార్చగలదు. అయితే దానికి ఇరువురి అంగీకారం స్పష్టంగా వుండాలి. 1942 క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో అహమ్మదాబాదు మిల్లులు సమ్మెతో మూతపడ్డాయి. లాల్‌భాయి త్రికంలాల్ మిల్లు, సమ్మె ముగిసి పరిస్థితి మామూలుగా అయ్యేదాకా గడువు పొడిగినట్లేనని కొనుగోలుదారుకు రాసింది. ఇంత అస్పష్టమైన మాట గడువు పొడిగింపు కాజాలదని 1958లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. "కొద్ది రోజులు ఆగుదాం", "లారీలు దొరకగానే పంపుతాను" వంటి ఫోను మాటలను నమ్మి కూర్చునే వర్తకుని పరిస్థితి ఇంతకన్నా మెరుగైనదేమీ కాదు. పొడిగిస్తే కొత్త తేదీ వేసి రాయించుకోవాలి. లేదంటే పాత తేదీయే నిలుస్తుంది.

ధరకు ఆధారంగా మార్కెట్ యార్డు రికార్డులు, ఆనాటి కొనుగోలు చీటీలు, నిజామాబాదు వంటి యార్డుల్లో 2016 నుంచి నడుస్తున్న ఈ-నామ్ వేలం వివరాలు ఉపకరిస్తాయి. దినపత్రికలో అచ్చయిన ధర దారి చూపగలదు గాని, దానిమీదే కేసు నిలవదు. అన్నిటికన్నా గట్టి ఆధారం, గడువునాడు అదే రకం సరుకును వేరొకరి నుంచి కొన్న బిల్లు.

బయానా, జుల్మానా షరతులు

మాట తప్పితే ఇంత చెల్లించాలని కాగితంలోనే రాసుకునే ఆచారం వున్నది. అలా రాసుకున్నంత మాత్రాన ఆ మొత్తం పూర్తిగా వస్తుందని భావించరాదు. 74వ సెక్షన్ ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమే. అందులో సబబైన మొత్తాన్ని కోర్టు ఇప్పిస్తుంది. 1963 ఫతేచంద్ కేసు నుంచి 2015 కైలాస్‌నాథ్ కేసు వరకు సుప్రీంకోర్టు వైఖరి ఇదే. నష్టమే జరగని చోట బయానా మొత్తాన్ని జప్తు చేసుకోవడాన్ని కూడా కోర్టు సమర్థించలేదు.

దావాకు కూడా గడువు వున్నది

1963 నాటి కాలపరిమితి చట్టం 55వ ఆర్టికల్ ప్రకారం ఒప్పందం భంగమైన నాటి నుంచి మూడేళ్ళలోగా దావా వేయాలి. ఆ తరువాత దావాకు కాలదోషం పడుతుంది. మూడు లక్షల రూపాయలు, అంతకు మించిన వాణిజ్య వివాదాలు 2018 సవరణ తరువాత వాణిజ్య కోర్టుల పరిధిలోకి వచ్చాయి. అత్యవసర ఉత్తర్వులు అవసరం లేని కేసుల్లో దావాకు ముందు మధ్యవర్తిత్వం ద్వారా రాజీకి ప్రయత్నించడం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వర్తకునికి ఇది ఒక విధంగా మేలే. అక్కడ కుదిరే రాజీ, తేలని నష్టపరిహారాన్ని తేలిన మొత్తంగా మారుస్తుంది.

కాగితం పుచ్చుకునే ముందు

బేరాన్ని మరొకరి నుంచి తీసుకునే వర్తకుడు కొన్ని విషయాలు సరిచూసుకోవాలి. సరుకు అందవలసిన తేదీ ఇంకా ముందున్నదా? అమ్మినవాడు ఈ లోగా నిరాకరిస్తూ ఉత్తరం ఏదైనా రాశాడా? బదిలీ చేయరాదన్న షరతు వున్నదా? చెల్లింపు రొక్కమా, అరువా? మొదటి వర్తకుడు అడ్వాన్సు ఏమైనా ఇచ్చాడా, అమ్మినవానికి పాత బాకీలు వున్నాడా? ఈ చివరి ప్రశ్న చిన్నది కాదు. బదిలీ పుచ్చుకున్నవాడు మొదటివాని హక్కుతో పాటు, ఆ హక్కు మీద వున్న అడ్డంకులను కూడా మోయవలసి వుంటుందని 132వ సెక్షన్ చెబుతున్నది.

బదిలీ నోటిమాటగా వుండరాదు. 130వ సెక్షన్ ప్రకారం హక్కు ఇచ్చేవాని సంతకంతో రాతపూర్వకంగా జరగాలి. తేదీ వేసి వుండాలి. వెంటనే అమ్మినవానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందక ముందు అతడు తెలియక మొదటి వర్తకునికే సరుకు ఇచ్చివేస్తే, అతనిని తప్పుపట్టే వీలు లేదు. రైల్వే రసీదులు, గిడ్డంగి రసీదుల వంటి సరుకు హక్కు పత్రాలకు ఈ తంతు వర్తించదు. వర్తక ఆచారం ప్రకారం వెనుక సంతకం చేసి ఇస్తే అవి చేతులు మారుతాయి. అందుచేతనే సరుకు గిడ్డంగిలో వున్నప్పుడు ఒట్టి బేరం కాగితం కన్నా గిడ్డంగి రసీదు తీసుకోవడం క్షేమకరం.

ఇక గడువు దాటిన కాగితాన్ని ఎవరైనా చవకగా ఇస్తామంటే, ఆ ధరను చూసి ఆశపడడం తగదు. లెక్క తేలి, ఎదుటివాని సంతకంతో బాకీగా మారిన తరువాతే దాన్ని తీసుకోవాలి. అంతవరకు ఆ కాగితం అమ్మినవానికే పనికివస్తుంది, కొన్నవానికి కాదు.